పచ్చి పోనాదా?

ఈ ఏడాది నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే మా వీధి కిరాణా కొట్టుకి ఒక చెక్కముక్క పట్టుకెళ్లి తూకం వేయించుకున్నాను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు కొట్టు నడిపే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ వీధి మొత్తానికీ మామ్మే.

“ఏటి బాబూ ఇది?”

“సెక్కముక్క మామ్మా. తూసి సెప్పు. వారం వారం ఎంత తగ్గతాదో సూడాల.”

“తగ్గడానికి దానికేటి జొరమొచ్చిందా?”

నవ్వాను. ఆ వారంలో నేను నవ్విన నవ్వు అదొక్కటే అయి ఉంటుంది. మందు పట్టించిన చెక్క అని చెప్పేసరికి మామ్మ నవ్వు మానేసి, బియ్యం తూచే పళ్లెం మీద పాత పేపరు పరిచి, “దీని మీద ఎట్టు, నానైతే ముట్టుకోను” అంది. అంకె చెప్పింది. జేబులో కాగితం తీసి రాసుకున్నాను. అంతకుమించి మా మధ్య మాటలు పెద్దగా ఉండేవి కావు. అయినా ఆదివారం కోసం చూసేవాణ్ణి, అబద్ధమెందుకు.

పోర్టు రోడ్డులో ఒక కలప డిపోలో పని నాది. ఓడల్లో వచ్చే పైన్ చెక్క మా దగ్గరికి చేరేసరికి దానికి మందు పట్టించి ఉంటుంది. పెద్ద ఇనుప సిలిండర్‌లో చెక్కల్ని పెట్టి, తలుపు బిగించి, లోపలి గాలి లాగేసి, మందునీళ్లని ఒత్తిడితో చెక్క కడుపులోకి ఎక్కిస్తారు. చెద పట్టదు, తొందరగా కుళ్లదు. ఆటోవాళ్లు దాన్ని మందు తాగిన చెక్క అంటారు, నవ్వుతూ. ఎవరికీ పట్టని సంగతి ఏమిటంటే, మందుతోపాటు అది కడవలకొద్దీ నీళ్లు కూడా తాగి వస్తుంది. ఆ నీళ్లు పోయేదాకా దానితో ఏమీ కట్టకూడదు. కడితే తర్వాత ఆరుతుంది, ఆరుతూ కుంచించుకుపోతుంది, మెలిక తిరుగుతుంది, బిగించిన స్క్రూలని పీక్కుని పైకి లేస్తుంది. ఈ మాట ఎంతమందికి చెప్పానో. “ట్రీట్‌మెంట్ అయిపోయింది కదండీ” అంటారు. అయిపోయింది నాయనా, ఆరడం అవలేదు.

ఆ ఆరడం చూడటమే నా ఉద్యోగం. చేతిలో ఒక మీటరు, దానికి రెండు సూదులు. చెక్క మీద పేరుకున్న పోర్టు నల్లదుమ్ము గుడ్డతో తుడిచి, సూదులు గుచ్చితే నూటికి తడి ఎంతో అంకె వస్తుంది, పదిహేనుకి దిగితే ఆరినట్టు. ఆ అంకె సుద్దతో చెక్క కొసన రాస్తాను. సూదులు పొట్టివి. పై చర్మం సంగతే వాటికి తెలుసు, లోపలి సంగతి తెలీదు. పైగా మందులో ఉన్న ఉప్పులు వాటిని తికమక పెడతాయి. అందుకని మీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు. ఒక ముక్క వారం వారం తూచి, బరువు తగ్గడం ఆగిందో లేదో చూడాలి. దొంతరలో ఒకదాన్ని నడిమికి కోసి, లోపలి ముఖం మీద సూదులు గుచ్చి చూడాలి. ఈ రెండోది నాకు నేర్పింది బావ.

మా డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పేర్చిన పదకొండు చెక్కలు ఆ బావ ఇంటి గుమ్మం కోసం. ఆయన అడగలేదు. అడగడు కూడా. ఆయన నాతో మాట్లాడి మూడేళ్లయింది, తప్పు నాది. ఆ చెక్కలు ఆరిన రోజున వాటిని తీసుకెళ్లి ఆయన గుమ్మం ముందు పెట్టి, మూడేళ్లుగా చెప్పకుండా దాచిన ముక్క ఒకటి చెప్పాలని అనుకున్నాను. చెప్తే మళ్లీ నాతో మాట్లాడతాడా, చెప్పు తీసుకుంటాడా అన్నది నాకు తెలీదు. ఈ ఊళ్లో నాకున్న మనిషి ఆయనొక్కడే.

బావ అంటే చుట్టం కాదు. మా వైపు మగవాళ్లు రెండుసార్లు కలిసి టీ తాగితే బావలైపోతారు. నేను పల్లెటూరి రైతుల ఇంట్లో పుట్టి పని కోసం పట్నం వచ్చాను. పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదని అడక్కండి, కాలేదంతే. ఆయనది సముద్రం మీద బతికే ఇల్లు. ఫిషింగ్ హార్బర్‌లో చెక్కపడవలు బాగుచేసేవాడు. ఫైబర్ పడవలు వచ్చి ఆ పని పలచబడ్డాక, భీమిలి రోడ్డు వెంట ఇళ్లకి చెక్క వరండాలూ నడవలూ వేసే పనిలోకి దిగాడు. అలా మా డిపోకి వచ్చాడు.

వచ్చిన మొదటి రోజే ఒక చెక్క కొస కోసి, నాలుక చాపి దాని మీద ఆనించబోయాడు. నేను చేతి మీద ఒక్కటి వేశాను.

“మందు బావా అది. సచ్చిపోతావు.”

“మరి పచ్చి పోనాదో నేదో ఎలగ తెలుత్తాది?”

పడవచెక్కని ఆయన అలాగే చూసేవాడట, నాలుక తాకించి. ఆ రోజుతో నాలుక మానేసి చెంప ఆనించడం మొదలుపెట్టాడు. తడి ఉన్న చెక్క చెంపకి చల్లగా తగులుతుంది. ఆయన కళ్లు మూసుకుని, చెంప చెక్కకి ఆనించి ఒక అంకె చెప్పేవాడు. నేను సూదులు గుచ్చేవాణ్ణి. ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడు. ఓడినవాడు వెళ్లి టీ తేవాలి. పదిహేడేళ్లు నేనే ఎక్కువ టీలు తెచ్చాను.

ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఆయనది. “పచ్చి పోనాదా?” అది నిజానికి వాళ్లావిడ మాట. నేను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతూ, లోపల ఉన్న ఈయన్ని కేకేసేది, “కాస్త సూడు, పచ్చి పోనాదా?” అని. ఆయన దాన్ని చెక్కలకి తెచ్చి పెట్టాడు. పచ్చి పోయిందంటే చెక్కకీ చెక్కకీ మధ్య మేకు మందం సందు వదిలి బిగించేవాడు. పోలేదంటే సామాను సర్దుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు, ఇంటి యజమాని ఎంత గింజుకున్నా సరే.

చెల్లెమ్మ తెల్లారకముందే హార్బర్‌లో వేలంపాటకి వెళ్లి, చేపలు కొని, గంపలో పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. ఆవిడ గొంతు రెండు వీధుల అవతలికి వినపడేది. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పట్టుదల మనిషి. ఏడాది తిరక్కుండా నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని నడవడం మళ్లీ నేర్చుకుంది. కాకపోతే వాళ్ల గుమ్మానికి మూడు నిలువు మెట్లు, అవి దిగలేకపోయేది. సిమెంటుతో ర్యాంపు కడదామంటే సందు ఇరుకు, మనుషులకి దారి ఉండదు. చెక్కతో కట్టి, అవసరమైనప్పుడు ఎత్తి గోడకి ఆనించుకుందామన్నాడు బావ.

అప్పుడాయన తగరపువలసలో పనిలో ఉన్నాడు. చెక్కలు ముందురోజే మా డిపోకి దిగాయి. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. అవతల లారీ హారన్లు.

“బావా, సెక్కలు సూసినావా? పచ్చి పోనాదా?”

“పోనాది బావా. పంపేత్తాను, ఏసెయ్.”

పంపేశాను. ఆయన బిగించాడు. చెల్లెమ్మ ఆ ర్యాంపు మీద తనంతట తాను సందులోకి దిగిన రోజున నన్ను భోజనానికి పిలిచారు. ఆ రోజు ఆవిడ ముఖం చూడాలి. సందు చివరిదాకా వెళ్లి, అక్కడ చేపలమ్మే ఆవిడతో కావాలని గొడవ పెట్టుకుని, గెలిచి వచ్చింది.

రెండు నెలలు. ఎండలు ముదిరాయి. చెక్కలు లోపలి నీళ్లు వదిలేసి అంచులు పైకి లేచాయి. ఒకటైతే కొసన స్క్రూని పీక్కుని వేలెడంత లేచింది. పొద్దున్నే దిగబోతున్న ఆవిడ చేతికర్ర దానికి తట్టుకుంది. పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో బావ గోడకి చేరబడి ఉన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, ఆయన అడక్కుండానే చెప్పాను. “లారీల గోలలో సరిగ్గా ఇనపడనేదు బావా. పచ్చ పోనాదా అన్నావనుకున్నాను.”

ఇది తెలుగువాడు మాత్రమే ఆడగలిగిన అబద్ధం. మందు చెక్క కొత్తలో ఆకుపచ్చగా ఉంటుంది. ఎండ తగిలితే ఆ పచ్చ కాస్త వెలుస్తుంది. పచ్చి, పచ్చ. ఒక్క గుడి తేడా. ఆయన తడి సంగతి అడిగితే నేను రంగు సంగతి చెప్పానన్నమాట. దారిలో ఆటోలో అల్లుకున్న కథ అది. ఆసుపత్రి చేరేసరికి దాన్ని నేనే సగం నమ్మేశాను.

బావ నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

“మేం సూసుకుంటాం. నువ్వెల్లు” అన్నాడు.

మేం. పదిహేడేళ్లు ఆయన నోట మనం తప్ప వేరే మాట వినలేదు నేను. మనం తిందాం, మనం పోదాం, మన చెక్క, మన పని. ఆ ఒక్క పూట మేం అయిపోయింది, నేను అవతల నిలబడ్డాను. తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత ఆయన మా డిపోకి రాలేదు. కలప ఇంకెక్కడో కొంటున్నాడని తెలిసింది. ఆయన నంబరు రెండు మూడుసార్లు నొక్కాను, మోగకముందే ఆపేశాను. ముఖం చెల్లలేదు.

డిపోలో ఇప్పటికీ సూదులు గుచ్చి, అలవాటుగా అంకె పైకే చెప్తాను. పదిహేడు, అంటాను. కాదు, పందొమ్మిది అని ఎవరూ అనరు. పొడుగు చెక్కని ఒక్కడినే జరపాలంటే ఒక కొస ఎత్తి, రెండో కొస నేలకి రాసుకుంటూ లాక్కెళ్లాలి. ఆ చప్పుడు నాకు అసహ్యం. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే దొంతరల మధ్య నా గిన్నెల చప్పుడు నాకే వినపడుతుంది. ఒంటరితనం గురించి పెద్ద మాటలు చెప్పడం నాకు చేతకాదు. ఓడిపోయి నేను టీ తెచ్చిపెట్టడానికి ఎవరూ లేరు, అదీ నా బాధ.

పోయిన మాఘమాసంలో ఒక తెల్లవారుజామున చేపల కోసం హార్బర్‌కి వెళ్లి, సైకిల్ మీద తిరిగి వస్తూ మనసు ఈడ్చుకెళ్తే వాళ్ల సందు మొగ దాకా వెళ్లాను. చెల్లెమ్మ గుమ్మంలో నేల మీద కూర్చుని, సందులో నిలబడ్డ చేపలావిడతో బేరం ఆడుతోంది. గంపలో చేప కనిపించక మెడ సాచి చూస్తోంది. వేలంపాటలో అందరికంటే ముందు నిలబడి, మొప్ప ఎత్తి చూసి ధర పలికిన మనిషి ఆవిడ. మెట్ల పక్కన గోడకి ర్యాంపు లేదు. నేను సైకిల్ తిప్పుకుని వచ్చేశాను. ఆ రోజే డిపోలో పదకొండు చెక్కలు నా డబ్బుతో తీసుకున్నాను.

ఇక డాబా మీద పేర్చడం, మధ్య బద్దలు పెట్టడం, పైన రేకు కప్పడం. కింది ఇంటివాళ్లు మోటారు ఆపడం మర్చిపోయినప్పుడల్లా ట్యాంకు పొంగేది. పరిగెత్తుకెళ్లి తుడిచేవాణ్ణి, వాళ్లని తిట్టుకుంటూ. మీటరు బ్యాటరీ కోసం ద్వారకా నగర్ దాకా బస్సులో వెళ్లి, అరిగినా అరక్కపోయినా కొత్తది కొని వేశాను. అదే లోడులో మిగిలిన ముక్కకి ఆదివారం ఆదివారం మామ్మ తూకం. నిజం చెప్పాలంటే చెక్క నెమ్మదిగా ఆరుతున్నందుకు నాకు లోలోపల సంతోషంగా ఉండేది. అది ఆరేదాకా నేను వెళ్లనక్కర్లేదు కదా.

ఒక ఆదివారం బరువు తగ్గలేదు. తర్వాతి ఆదివారమూ తగ్గలేదు. మూడో ఆదివారం కూడా పట్టుకెళ్తే మామ్మ పేపరు పరవలేదు.

“జొరం తగ్గిపోనాది బాబూ. ఇంక ఇంటికి పంపించెయ్.” కాసేపు నా ముఖం చూసి, “ఎవులింటికి ఎల్లాలని బయపడతన్నావు?” అంది.

చెక్కముక్క చంకలో పెట్టుకున్నాను. ఆవిడ రెట్టించలేదు.

సోమవారం పొద్దున్న సెలవు పెట్టి, చెక్కలు ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. అన్నిటి కొసలకీ సుద్దతో పదిహేను, పద్నాలుగు అని రాసి ఉంది. ఆటో సందు మొగలోనే ఆగింది. ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ పదకొండుసార్లు తిరిగాను. బావ మెట్టు మీద కూర్చుని రంపం పళ్లకి ఆకురాయి పెడుతున్నాడు. మొదటి చెక్క చప్పుడుకే తలెత్తాడు. మళ్లీ దించుకున్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. లేవలేదు, సాయం పట్టలేదు, పొమ్మనలేదు. ఆ కిర్రుమనే చప్పుడు సందంతా వింటోంది.

పదకొండోది దింపి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. నాలుగు నెలలు డాబా మీద తిరుగుతూ కూడబెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

“బావా, ఆ రోజు నాకు సరిగ్గానే ఇనపడినాది. పచ్చి అనే ఇన్నాను. సూదులు గుచ్చనేదు. అన్నం తింటన్నాను, సేతిలో ముద్ద ఉంది. మీటరు ఎదురుగా గోడకే ఉంది. ముద్దొదిలి నెగబుద్ది కానేదు. అంతే.”

అంతే. దానికి అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. చేతిలోని ఆ ముద్ద కోసం ఒక మనిషి గుమ్మం దాటలేకుండా అయింది.

ఆకురాయి ఆగింది. బావ రంపం తుడిచి పక్కన పెట్టాడు.

“తెలుసు” అన్నాడు.

“ఏటి తెలుసు?”

“నోట్లో ముద్దతోటి మాటాడినావు. ఫోన్లో ఇనపడనేదేటి? తింటన్నావని తెలుసు, నెగనేదని తెలుసు. అయినా ఏసేసినాను. నానూ సెంప ఆనించనేదు. మీ సెల్లెమ్మకి పెద్దపండగనాటికి కిందకి దింపుతానని మాటిచ్చినాను. నువ్వొచ్చి పచ్చా పచ్చీ అంటంటే, నీ ముకం సూడనేకపోయినాను. నాది కనపడతన్నాది అందులో.”

కింద మెట్టు మీద కూర్చున్నాను. మూడేళ్లు ఇద్దరం ఒకే తప్పుని చెరో గదిలో పెట్టుకుని తలుపులు వేసుకున్నామన్నమాట. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సందులో ఎవరో తొంగి చూసి వెళ్లిపోయారు.

లోపలి నుంచి చెల్లెమ్మ గొంతు. “ఎవులయ్యా అది? సెక్కలేటి?”

బావ లేచి, మోకాళ్ల మీద కూర్చుని, మొదటి చెక్కకి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండోది. ఒక్కోదాని దగ్గర అంతే సేపు. తొమ్మిదోదాని నడిమి దగ్గర ఆగిపోయాడు.

“ఇది దొంతర్లో ఎక్కడిది?”

“అట్టడుగుది. ట్యాంకు పక్కన.”

“మజ్జలో సల్లగుంది.”

“మీటరు పదిహేనే సూపించినాది బావా.”

“నీ మీటర్ని అడగనేదు.” రంపం నా చేతిలో పెట్టాడు. “నిన్ను అడుగుతన్నాను. పచ్చి పోనాదా?”

గుమ్మానికి సరిగ్గా పదకొండే కావాలి. ఒకటి కోస్తే పది మిగులుతాయి, ఈ రోజు ర్యాంపు లేవదు. అందుకే డాబా మీద ఒక్కటి కూడా కోసి చూడలేదు నేను. అదీ నా బుద్ధి. తువ్వాలు ముక్కుకి కట్టుకుని కోశాను. ముక్క రెండయ్యేసరికి లోపలి రంగు వేరుగా కనిపించింది, ముదురుగా. సూదులు గుచ్చాను. ఇరవై ఆరు.

చెల్లెమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. చెక్కల్ని చూసింది, నన్ను చూసింది. “అన్నియ్యా” అంది. ఇప్పుడే, ఈ క్షణమే బిగించేస్తాం అని చెప్పాలని ఎంతగా అనిపించిందో నాకే తెలుసు.

“పోనేదు బావా” అన్నాను.

ఆయన ఆ కోసిన ముక్కల్ని పక్కన పడేసి, మంచి చెక్క ఒకదాని కొస దగ్గరికి వెళ్లి వంగాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. చూరు కిందికి మోశాం, చప్పుడు లేకుండా.

“ఏటయినాది? ఎయ్యరేటి?” అంది చెల్లెమ్మ.

“ఒకదానికి పచ్చి పోనేదే. ఇంకోటి ఎండాల” అన్నాడు బావ. “మనం ఆగుదాం.”

ఆసుపత్రి వరండాలో మేం అన్నది ఆ నోరే.